పురుగుల మల్లన్న గుట్ట మాహాత్మ్యం

పూర్వం, ఇప్పచెట్ల అడవుల నడుమ ఇప్పలదుర్గమనే చిన్న రాజ్యాన్ని గుండమరాజనే ప్రభువు పరిపాలించేవాడు. ఆయన ప్రజలను కన్నబిడ్డలవలె చూసుకున్నాడని మా పెద్దలు చెబుతారు. గతించిన రాజులందరిని గురించీ పెద్దలు ఆ మాటే చెబుతారు కనుక దానిని అంతటితో వదిలేద్దాం. నిజంగా చెప్పుకోవలసింది ఆయన మెడను గురించి. దానమిచ్చేటప్పుడు ఆయన చేయి ముందుండేది, యుద్ధంలో అడుగు ముందుండేది, మెడ మాత్రం పుట్టిననాటి నుంచి ఎవరి ముందూ, దేని ముందూ వంగి ఎరుగదు. చెప్పులు తొడిగేవాడు వేరే ఉండేవాడు, జారిన ఉంగరాన్ని ఏరి ఇచ్చేవాడు వేరే ఉండేవాడు. తన పాదాలు ఎలా ఉంటాయో ఆ మహారాజుకు నిలువుటద్దంలో తప్ప తెలియదని అంతఃపుర పరిచారికలు చెప్పుకొనేవారు.

దుర్గానికి ఆమడ దూరంలో, చెట్టు మొలవని బోడగుట్ట ఒకటి ఉంది. దాని నెత్తిన, ఒక రాతిగుహలో, శ్రీ మల్లికార్జునస్వామి స్వయంభువై వెలసి, మల్లన్న అనే పిలుపుతో ఎల్లవారి మొక్కులనూ అందుకొంటూ ఉన్నాడు. ఆ గుహాలయ ద్వారం నిలువెత్తు మనిషికి నడుము దగ్గరికే వస్తుంది. కాబట్టి లోపలికి వెళ్ళేవాడు ఎంతటివాడైనా రెండుగా మడిచిన చాపలాగా వంగి వెళ్ళవలసిందే. గుండమరాజు తండ్రి వంగాడు, తాత వంగాడు. గుండమరాజుకు దేవుడి ముందు వంగడంలో అభ్యంతరమేమీ లేదు గాని, దేవుడు ద్వారానికి లోపలా, ప్రజలు ద్వారానికి వెలుపలా ఉండటం వల్ల, వంగిన ప్రభువులో ప్రజలకు కనిపించే భాగం ఏదో తలుచుకొంటే ఆయనకు ఒళ్ళు జలదరించేది.

ఈ చిక్కును ఆయన పురోహితుడైన యజ్ఞపతి భట్టుతో చెప్పుకొన్నాడు. భట్టుకు శాస్త్రాలు నోటికి వచ్చు, అన్నీ ఒకేసారి వస్తాయి, అదే ఆయన ఇబ్బంది. ప్రభువులు చెక్కపలక మీద వెల్లకిల శయనించి, పాదాలు ముందుగా లోనికి ప్రవేశిస్తే మెడ వంచే పని ఉండదనీ, వామనమూర్తి అంతటివాడు లోకాలనాక్రమించినప్పుడు ముందుగా చాపింది పాదమే కనుక అది దోషం కాదనీ ఆయన సెలవిచ్చాడు. ఆ ప్రకారం శివరాత్రినాడు నలుగురు బోయీలు మహారాజును పలకమీద పడుకోబెట్టి, పొయ్యిలోకి కట్టె తోసినట్టు గుహలోకి తోయసాగారు.

సరిగ్గా ఆ సమయానికే కొమురవ్వ అనే కురుమ స్త్రీ తన గొర్రెలమందను గుట్ట దించుకొంటూ అటుగా వచ్చింది. గొర్రెల మెడగంటలు ఒక్కసారిగా మోగేసరికి ముందున్న బోయీలిద్దరూ అటు తిరిగి చూశారు, పలక పక్కకు ఒరిగింది, రాతిగడప అంచు మహారాజు కుడికాలి పిక్కముందు ఎముక మీద జానెడు మేర చర్మాన్ని గీరేసింది. తప్పు గడపదంటే దేవుడిదవుతుంది, పలకదంటే పురోహితుడిదవుతుంది. కనుక తప్పు గొర్రెలదని నిర్ణయమై, ఆనాటి నుంచి బోడగుట్ట మీద మంద మేపరాదని ఆజ్ఞ వెలువడింది. కొమురవ్వ మందను తోలుకొని, మేత సరిగ్గా లేని వాగు ఒడ్డుకు వెళ్ళిపోయింది.

ఆ గీరుడు వారంలో మానవలసింది. ఒకనాడైనా రాజు తల వంచి దానిని చూసుకొని ఉంటే మానేదేమో గాని, చూడటం వైద్యుడి పని అనుకొన్నాడు. ఆస్థానవైద్యుడు త్రిలోచన పండితుడు మంచివాడు, చదువుకొన్నవాడు, చదివినదంతా ఆ పుండుమీద వేసి చూడాలన్న పట్టుదల ఉన్నవాడు. ఒక లేపనం ఆరకముందే ఇంకొకటి పూసేవాడు. అలా రెండేళ్ళు గడిచేసరికి గీరుడు పుండయింది, పుండు కుళ్ళింది, గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. సభలో మంత్రులు నెలకొక వరుస వెనక్కి జరుగుతూ ద్వారం దగ్గర చేరారు. పొరుగు రాజుల రాయబారులు ముక్కున వస్త్రం పెట్టుకొని, ఎన్నడూ ఒప్పుకోని షరతులకు కూడా వెంటనే ఒప్పుకొని వెళ్ళిపోయేవారు. ఇప్పలదుర్గానికి అంత లాభసాటి సంధులు మునుపూ లేవు, తరవాతా లేవు. మనుషులు దూరమైనకొద్దీ ఈగలు దగ్గరయ్యాయి. మీద ఈగ వాలనివ్వకపోవడం మనకు మాటవరుస. అక్కడ అది వింజామరలు పట్టిన ఎనిమిదిమంది ఉద్యోగం.

ఆ ఏడు శ్రావణమాసంలో పుండు చుట్టూ నలుపు కమ్మింది. త్రిలోచన పండితుడు మోకాలికి జానెడు కింద కాటుకతో ఒక గీత గీసి, నలుపు ఈ గీతను దాటిందంటే ప్రాణానికే ముప్పు కనుక మోకాలి కిందికి కాలు తీసేయవలసిందేనని కన్నీళ్ళతో విన్నవించాడు. ఆయన కన్నీళ్ళు నిజమైనవే, తెప్పించిన రంపమూ నిజమైనదే. అయితే ఆ వంశానికి ఒక ఆచారముంది: విజయదశమినాడు ప్రభువు తన రెండు కాళ్ళమీద నడిచి జమ్మిచెట్టును చేరాలి, చేరలేనివాడు గద్దెను దాయాదికి విడవాలి. ఆ దాయాది, అంటే పినతండ్రి కొడుకు, రోజూ మనిషిని పంపి పరామర్శ చేసేవాడు. వచ్చినవాడు మహారాజు ఎలా ఉన్నారని అడిగేవాడు కాదు, గీతకు ఎంత దూరముందని అడిగేవాడు.

నలుపుకూ గీతకూ మధ్య రెండు వేళ్ళ ఎడం మిగిలిననాడు గుండమరాజు పల్లకీ ఎక్కి బోడగుట్టకు వెళ్ళాడు. గుహలోకి మాత్రం వెళ్ళలేదు. వాకిట్లో పందిరి వేయించుకొని, మంచం వాల్చి, కాలు కాపాడమని ద్వారం బయటినుంచే స్వామిని వేడుకొన్నాడు. రెండోనాడు నైవేద్యానికి చేసిన పులిహోర వింజామరలవారి చేత చిక్కింది. ఆరగించిన ఎనిమిదిమందీ మధ్యాహ్నపు గాలికి ఒకరి భుజాన ఒకరు వాలి నిద్రపోయారు. రెండేళ్ళుగా కాచుకొని ఉన్న ఈగలు ఆ ఘడియను వృథా చేయలేదు. మర్నాడు పొద్దెక్కాక పండితుడు కట్టు విప్పేసరికి, పుండు నిండా తెల్లగా, సన్నగా, నూకగింజలంతేసి పురుగులు.

మంత్రులు గుట్ట సగం దాకా దిగి అక్కడినుంచి విచారం వెలిబుచ్చారు. భట్టు పురుగులకూ పాపానికీ ఉన్న సంబంధాన్ని గురించి శ్లోకాలు చదివాడు. త్రిలోచన పండితుడు ఇక ఆలస్యం పనికిరాదని, ముందు పురుగులను చంపి, ఆ పిమ్మట రంపం అందుకొందామన్నాడు. పశువుల పుండ్లలో పురుగుకు కానుగనూనె పోస్తారు కనుక, ఆ నూనె ఎవరి దగ్గరుంటుందని విచారిస్తే వాగు ఒడ్డున కొమురవ్వ దగ్గర ఉంటుందని తేలింది. మహారాజు రెండు చేతులతో ముఖం కప్పుకొని ఏడ్చాడు. ఆయనకు గద్దె మీద ఆశ ఉంది నిజమే గాని, ఆ క్షణాన ఏడ్చింది గద్దె కోసం కాదు, కాలి కోసమే. ఏ మనిషైనా అందుకే ఏడుస్తాడు.

కొమురవ్వ నూనెబుడ్డి తెచ్చింది. కాలిని చూసింది. బుడ్డిని కొంగుచాటున పెట్టుకొంది. మోకాళ్ళమీద కూర్చొని, ముక్కు మూసుకోకుండా, గొర్రె గిట్టను చూసినట్టు ఆ పుండును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నూనె పొయ్యొద్దు దొరా. ఇయ్యి మంచి జాతి," అంది.

పండితుడు ఉలిక్కిపడి, పురుగుల్లో మంచి జాతి ఏమిటని అడిగాడు.

"తొలిసే పురుగు వేరుంటది అయ్యా. అది తలకాయ లోపటికి పెట్టి, తోక బయటికి పెట్టి పచ్చిమాంసం తొల్సుకుంట పోతది. దానికైతే నేనే పోస్త నూనె. ఇయ్యి పైపైన కుళ్ళినదే మేస్తున్నయి. నా పొట్టేలును తోడేలు పట్టినప్పుడు తొడ గిట్లనే కుళ్ళింది. గీ జాతి పురుగే సాఫ్ జేసింది."

"ఈ సంగతి ఏ గ్రంథంలో ఉంది?"

"నేను సదువలే అయ్యా. పొట్టేలు బతికింది."

మహారాజు ముఖం మీది చేతులు తీసి, ఆ పురుగులు కాలంతా తినేస్తే తన గతేమిటని సన్నని గొంతుతో అడిగాడు. కొమురవ్వ పందిరి గుంజకు ఆనించి ఉన్న రంపం వంక చూసింది.

"అది మాత్రం ఏం తింటది దొరా? మూడొద్దులు ఆగు. రంపం ఏడికి పోతది, ఈడనే ఉంటది."

కోత పడితే కాలు పోవడం ఖాయం, ఆగితే ఉండవచ్చునేమో. మహారాజు మూడు రోజులు ఆగడానికి ఒప్పుకొన్నాడు.

ఇక్కడ మా ప్రాంతపు పద్ధతి ఒకటి చెప్పాలి. వానాకాలానికి ముందు రైతులు గొర్రెలవారిని పిలిచి, ఖాళీచేనులో మూడు రాత్రులు మంద పెట్టించుకొంటారు. గొర్రెలు చేనులోని మోడూ మొక్కా మేసి, పెంటతో నేలను సారవంతం చేసి లేచిపోతాయి. చేను గల ఆసామి మందవారికి ముట్టవలసింది ముట్టజెబుతాడు. ఎక్కడ పెట్టాలి, ఎన్నిటిని పెట్టాలి, ఎప్పుడు లేపాలి అన్నదే అందులోని విద్య. కొమురవ్వ మహారాజు కాలిని సరిగ్గా అలాంటి చేనుగా చూసింది. గొర్రెబొచ్చు తాడుగా పేని పుండు చుట్టూ దడిలాగా చుట్టింది. పైన కప్పడానికి గాలి ఆడే పలచని గుడ్డ కావాలంటే మహారాజు తలపాగా తప్ప అంత పలచనిది దొరకలేదు. అలా రాచతలపాగా కాలికి చేరింది. మంద లోపల పడింది. "మూడోనాడు పొద్దుగాల బలిసినయి లేస్తయి. లేచినయాటిని పోనియ్యుండ్రి, ఆపొద్దు," అని చెప్పి, ఆమె తన అసలు మంద దగ్గరికి వెళ్ళింది.

మొదటినాడు మహారాజు కళ్ళు మూసుకొని పడుకొన్నాడు. రెండోనాడు చక్కిలిగింతలు మొదలయ్యాయి. రెండేళ్ళుగా మూలుగు తప్ప వినని పరివారం, ప్రభువు కిలకిలా నవ్వడం విని, పైత్యం తలకెక్కిందని నిశ్చయించుకొంది. సాయంత్రానికి ఆయనకు కుతూహలం కలిగింది. కాలి దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే అద్దం పనికిరాలేదు. మొదట కొద్దిగా, తరవాత ఇంకొద్దిగా, చివరికి గడ్డం రొమ్ముకు ఆనేదాకా మెడ వంచి, తలపాగా గుడ్డ గుండా తన కాలిని తాను చూసుకొన్నాడు. పుట్టి నలభై ఏళ్ళకు అదే మొదటిసారి. ఆ చిన్నప్రాణులు తలలు దించుకొని ఒకే దీక్షతో మేస్తూ ఉంటే, తన కొలువులో ఇంత శ్రద్ధగా పనిచేసేవాడు ఒక్కడూ లేడని ఆయనకు తోచి, పందిరి పక్కన వాయిస్తున్న మేళగాళ్ళను కాస్త మెల్లగా వాయించమన్నాడు.

భట్టుకు మాత్రం వేరే బెంగ పట్టుకొంది. ప్రభువుల దేహంలో పుట్టినవి ప్రభువుల సంతానమే అవుతాయా, అయితే రాజవంశానికి పదిరోజుల పురుడు వర్తిస్తుందా, వర్తిస్తే మహారాజు పేర తాను వండిన నైవేద్యం స్వామికి పనికివస్తుందా అని ఆయన రాత్రంతా పొర్లాడు. ఆ అలసటలోనే మూడోనాటి ఉదయం ఘోరం చేశాడు. తెల్లవారేసరికి బియ్యపుగింజలకు రెండింతలు బలిసిన పురుగులు దడి దాటి ఒక్కటొక్కటిగా మంచంమీదికి పాకసాగాయి. పూర్వమొక భక్తుడు తన పుండునుంచి జారిన పురుగును జాలితో ఎత్తి మళ్ళీ పుండులోనే పెట్టుకొని మోక్షం పొందాడన్న కథ భట్టుకు గుర్తుకొచ్చింది. వెళ్ళేవాటిని ఆపొద్దన్న కొమురవ్వ మాట గుర్తుకు రాలేదు. ఆయన దర్భకొసతో, తులసిదళం మీద, ఒక్కొక్క దానినీ భక్తిగా ఎత్తి, పేరుపేరునా క్షమాపణ చెప్పుకొంటూ తిరిగి పుండులో వేశాడు.

కడుపు నిండి, దాక్కోవడానికి చోటు వెతుక్కొనే పురుగులను బలవంతాన లోపల పెడితే అవేం చేస్తాయి? బయటపడటానికి నలువైపులా దొర్లాయి. మహారాజు పెట్టిన కేక వాగు ఒడ్డున గొర్రెలను కూడా బెదరగొట్టింది. త్రిలోచన పండితుడు, తాను చెప్పినంతా అయిందని, రంపం అందుకొన్నాడు. కాలిని మంచంకోడుకు కట్టేశారు కూడా. అంతలో కొమురవ్వ రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చి, రంపానికీ కాలికీ అడ్డంగా తన చేతికర్రను పెట్టింది.

"ఎవడు పెట్టిండు వీటిని మల్ల లోపట?"

భట్టు దర్భతో సహా చేయి ఎత్తాడు.

"బంతిల తిని లేచినోళ్ళను రెక్కవట్టి మల్ల ఇస్తరి ముందర కూసోవెడ్తవా అయ్యా? మీ ఇండ్లల్ల గట్లనే చేస్తరా?"

భోజనప్రియుడైన భట్టుకు ఆ ఒక్కమాటతో శాస్త్రం మొత్తం బోధపడింది. ఆయన తలదించుకొని పక్కకు తప్పుకొన్నాడు. కొమురవ్వ తడిగుడ్డతో మందనంతా ఎత్తి పక్కన పెట్టి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో పుండును కడిగింది. కడిగాక అందరూ వంగి చూశారు. రెండేళ్ళుగా నల్లగా, పసుపుపచ్చగా, జిగటగా కనిపించినచోట అరచేతి మేర ఎర్రని పచ్చిమాంసం, దాని అంచున చిన్న చిన్న నెత్తుటిచుక్కలు. వాసన లేదు. నలుపు గీతకు ఆ రెండు వేళ్ళ ఎడంలోనే ఆగి ఉంది. త్రిలోచన పండితుడు ఎంతోసేపు చూసి, రంపం కింద పెట్టి, "అమ్మా, ఇది నాకు నేర్పాలి," అన్నాడు. ఈ కథలో నాకు అందరికన్నా గౌరవం కలిగించేది ఆ పండితుడే. అంత చదువు చదివినవాడు ఆ మాట అనడం తేలికేమీ కాదు.

పుండు అడుగున ఇంకా కుళ్ళు మిగిలే ఉంది కనుక ఇంకో రెండు మందలు పెట్టాలని కొమురవ్వ తేల్చింది. దానికి ఈగలు కావాలి. ఏ ఎనిమిదిమంది రెండేళ్ళు ఈగలను తోలారో ఆ ఎనిమిదిమందికే ఈగలను పిలవమని ఉత్తరువయింది. తోలినప్పుడు పోని ఈగ పిలిస్తే ఎందుకు వస్తుంది? వారు బెల్లం పట్టుకొని, పనసతొనలు పట్టుకొని, చివరికి వింజామరలు తిరగేసి పట్టుకొని గుట్టంతా బతిమాలుతూ తిరిగారు. వచ్చిన ఒకటి రెండు కూడా కుళ్ళు వాసన లేని మహారాజు కాలిని చూసి ముఖం తిప్పుకొని పోయాయి. కొమురవ్వ నవ్వుకొని, మేక కార్జం ముక్కనొకదానిని నీడపట్టున వేలాడదీసింది. పచ్చగా మెరిసే ఈగ జాతిని ఎంచి వాలనిచ్చి, పుట్టిన పిల్లపురుగులను ఉప్పునీటిలో కడిగి, మూడేసి రోజులకొక మంద చొప్పున పెట్టి లేపింది. ఎన్ని పెట్టాలో, ఏది మంచి జాతో ఆమెకు తెలుసు. మనకు తెలియదు. కాబట్టి ఇది విని ఎవరూ ఇంట్లో పుండు తెరిచి ఈగలను పిలవకండి, వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

మూడో మంద లేచేనాటికి నలుపు పూర్తిగా పోయింది. శ్రావణం ముగిసేసరికి కొత్తచర్మం అంచులనుంచి లోపలికి పాకింది. మహాలయం దాటేసరికి పుండు చింతగింజంత అయి, మహారాజు రెండు కాళ్ళమీద లేచి నిలబడ్డాడు. విజయదశమినాడు కొంచెం కుంటుతూనైనా నడిచి వెళ్ళి జమ్మి ఆకు తుంచాడు. దాయాది కౌగిలించుకొని అభినందించాడు. ఆ కౌగిలిలో ఎముకలు విరిగినంత పని అయిందని చెబుతారు.

ఆ మర్నాడే మహారాజు మొక్కు తీర్చుకోవడానికి బోడగుట్టకు వచ్చాడు. ఈసారి చెక్కపలక లేదు. ప్రజలు వేలాదిగా వెనుక నిలబడి ఉన్నారు. ఆయన ద్వారం ముందు ఒక్కక్షణం ఆగాడు. కాలిని చూసుకోవడానికి రోజుకు పదిసార్లు వంగి వంగి ఆ మెడకు అప్పటికే దారి తెలిసింది. నడుము దాకా వంగి, ప్రజలకు కనిపించవలసిందేదో కనిపించనిచ్చి, లోపలికి వెళ్ళి స్వామికి మొక్కుకొన్నాడు. అయితే గుహకు ఇంకో దారి లేదు, వచ్చేటప్పుడూ వంగే రావాలి. ఆ సంగతి ఆయన ఆలోచించలేదు. తల దించుకొని బయటికి వస్తే, కళ్ళ ఎదుట రెండు పగిలిన పాదాలు, ఒక చేతికర్ర కొస కనిపించాయి. మంద పెట్టినందుకు తనకు ముట్టవలసింది అడుగుదామని వచ్చి కొమురవ్వ అక్కడ నిలబడి ఉంది. మహారాజు తల ఎత్తలేదు. అలాగే ఇంకొంచెం వంగి, ఆ పాదాలకు నమస్కరించాడు.

ఆమె అడిగింది గుట్ట. గొర్రెల కోసం బోడగుట్ట మళ్ళీ తెరవమంది, అంతే. ఆ రోజునుంచి నేటిదాకా ఆ గుట్టమీద మందను ఎవరూ ఆపలేదు. త్రిలోచన పండితుడు తన రంపాన్ని స్వామికి సమర్పించి ద్వారబంధానికి వేలాడదీశాడు. తుప్పుపట్టి పళ్ళు రాలినా అది అక్కడే ఉంది; మానని పుండ్లు ఉన్నవారు దానికి గొర్రెబొచ్చు పోగు కట్టి మొక్కుకొంటారు. ఏటా శ్రావణంలో జరిగే జాతరకు ప్రసాదం పాలతాలికలు. వాటి తెలుపునూ పొడవునూ చూసి కొత్తగా వచ్చినవారు కాస్త తటపటాయిస్తారు, పాతవారు రెండోసారి అడిగి వేయించుకొంటారు. మొదటి విస్తరి ఈగలకు పెడతారు, అవి వాలేదాకా ఎవరూ చేయి విసరరు. మధ్యలో కొందరు పెద్దమనుషులు స్వామికి ఏదో గంభీరమైన సంస్కృతనామం పెడదామని చూశారు గాని, ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన పురుగుల మల్లన్నే, అది పురుగుల గుట్టే.

ద్వారం ఇప్పటికీ అంతే ఎత్తు. దానికి ఎదురుగా, మహారాజు నిలబెట్టించిన ఒక రాయి ఉంది, చేతికర్ర పట్టుకొన్న ఆడమనిషి ఆకారంలో. లోపలికి వంగి వెళ్ళేది మల్లన్నకు, బయటికి వంగి వచ్చేది కొమురవ్వకు. అలా తల దించుకొని వచ్చే ప్రతి ఒక్కరికీ, బయట ఉన్నవారు ఒక మాట చెబుతారు. ఆనాడు వేలాది జనం ముందు తన పాదాల దగ్గర వంగిన మహారాజుతో కొమురవ్వ అన్న మాట అదే. అంతమంది చూస్తుంటే ఆమెకు సిగ్గు ముంచుకొచ్చి, ఏమనాలో తోచక, ఆయన మోచేయి పట్టుకొని లేపుతూ అన్నది:

"లే దొరా. కాలు చూస్కో, గడప ఉన్నది."